అమీర్‌పేటలో మూడు నెలలు, విశ్వవిద్యాలయంలో నాలుగేళ్లు

(నల్లగొండలో విద్యార్థులు, తల్లిదండ్రులు, అధ్యాపకుల సమావేశంలో ఒక విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

వేదిక మీది పెద్దలకు, తోటి అధ్యాపకులకు, పనులు మానుకొని వచ్చిన తల్లిదండ్రులకు, విద్యార్థులకు నమస్కారం.

సభ మొదలుకాక ముందు ఒక తల్లి నన్ను వరండాలో ఆపి, "సార్, మా బాబు ఈ గ్రూపు తీసుకుంటే ఏ నౌకరి వస్తది?" అని అడిగారు. ఆమె ఇక్కడే, ఎడమ పక్క మూడో వరుసలో కూర్చున్నారు. అమ్మా, మీరు అడిగిన ప్రశ్న సరైన ప్రశ్న. చదువును నౌకరితో తూచకూడదని మా వంటి వాళ్లు సభల్లో తేలికగా చెబుతుంటాం. నెల జీతం, ఆ తరువాత పింఛను వచ్చే మనిషికి ఆ మాట చెప్పడం తేలికే. రెండెకరాల బత్తాయి తోట మీద అప్పు తెచ్చి కొడుకును చదివించే తల్లికి ఆ మాట చెప్పే అర్హత నాకు లేదు. అందుకని ఈ రోజు నేను మాట్లాడేదంతా మీ ప్రశ్నను ఎదురుగా పెట్టుకొనే మాట్లాడతాను. విశ్వవిద్యాలయం ఉద్యోగానికి కావలసిన పని నేర్పాలా, లోకజ్ఞానం, శాస్త్రజ్ఞానం నేర్పాలా అన్నది మనకు ఇచ్చిన విషయం. మీ ప్రశ్నకు జవాబు చెప్పలేని ఏ వాదమూ ఈ విషయంలో నిలబడదని నా నమ్మకం.

ముందుగా ఒక పొరపాటు అభిప్రాయాన్ని పక్కన పెడదాం. వెనకటి రోజుల్లో విశ్వవిద్యాలయాలు జ్ఞానం కోసమే ఉండేవని, ఇప్పుడే ఉద్యోగాల వెంట పడ్డాయని చాలామంది అనుకుంటారు. చరిత్ర అలా చెప్పదు. 1844లో గవర్నర్ జనరల్ హార్డింజ్, ఇంగ్లీషు చదువుకున్న వారికి ప్రభుత్వ ఉద్యోగాల్లో ముందు అవకాశం ఇవ్వాలని తీర్మానం చేశాడు. పదేళ్ల తరువాత, 1854లో, చార్లెస్ వుడ్ పంపిన విద్యా పత్రం వచ్చింది. దాని ఫలితంగా 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు పుట్టాయి. అవి పుట్టినప్పుడు పాఠాలు చెప్పే సంస్థలు కావు, లండన్ విశ్వవిద్యాలయం నమూనాలో పరీక్షలు పెట్టి పట్టాలు ఇచ్చే సంస్థలు. ఆ బి.ఏ. పట్టా పట్టుకొని మన తాతల కాలం వాళ్లు ఎక్కడికి వెళ్లారు? రెవెన్యూ కచేరీకి, కోర్టుకు, బడికి వెళ్లారు. ఆ రోజుల్లో బి.ఏ. అంటే గుమాస్తా కొలువుకు శిక్షణే. చరిత్ర, సాహిత్యం, తర్కం అందులో ఉన్నా, అవి ఎందుకు ఉన్నాయో చాలామందికి అక్కర లేకపోయింది. కాబట్టి మన ముందున్న తగాదా కొత్తదేమీ కాదు. కచేరీ కోసం మొదలైన విశ్వవిద్యాలయం ఇప్పుడు కంపెనీ కోసం నడుస్తున్నది, అంతే తేడా.

అయితే మధ్యలో కొందరు మరో దారి పట్టించే ప్రయత్నం చేశారు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వైద్యం, ఇంజినీరింగుతో సహా ఉన్నత విద్యను ఉర్దూలో, అంటే ఒక దేశభాషలో బోధించడానికి పూనుకుంది. అది అందరి ఇంటి భాష కాదన్న మాట నిజమే గాని, ఇంగ్లీషు లేకుండా ఆధునిక శాస్త్రం చెప్పవచ్చని చూపించిన సాహసం అది. అటు 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చింది. దానికి 1931 నుంచి 1936 దాకా ఉపకులపతి (వైస్ ఛాన్సలర్) సర్వేపల్లి రాధాకృష్ణన్. ఆయన తత్వశాస్త్రం చెప్పిన మనిషి. ఆ తత్వవేత్త హయాంలోనే, జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఇచ్చిన విరాళం అండతో వాల్తేరులో శాస్త్ర సాంకేతిక కళాశాల నిలబడింది. అదే రాధాకృష్ణన్ 1948లో స్వతంత్ర భారతదేశపు తొలి విశ్వవిద్యాలయ విద్యా కమిషన్‌కు అధ్యక్షుడై, వృత్తివిద్య చదివే వారికి కూడా సాధారణ విద్య ఉండి తీరాలని సిఫార్సు చేశారు. తత్వశాస్త్రం చెప్పినాయన సాంకేతిక కళాశాలను వద్దనలేదు. సాంకేతిక కళాశాలను పెంచినాయన తత్వశాస్త్రాన్ని వదలమనలేదు. ఇద్దరూ ఒక్కరే.

ఇప్పుడు మనకు బాగా తెలిసిన చోటికి వద్దాం. మీలో ఎంతమంది పిల్లలు హైదరాబాద్‌లో కంప్యూటర్ కోర్సులు నేర్పే అమీర్‌పేటకు వెళ్లారు? చేతులెత్తండి. సగం మంది ఉన్నట్టున్నారు. మైత్రీవనం దగ్గర బస్సు దిగితే తలెత్తి చూసినంత మేరా బోర్డులే. జావా, టెస్టింగ్, శాప్, పైథాన్, క్లౌడ్. నలభై అయిదు రోజులు, అరవై రోజులు, మూడు నెలలు. 1998లో ఐటీ కంపెనీల కోసం సైబర్ టవర్స్ తెరిచిన నాటి నుంచి ఈనాటి దాకా మన పల్లెల పిల్లలు ఎందరో అక్కడి హాస్టళ్లలో ముగ్గురు నలుగురు ఒక గదిలో ఉండి, కర్రీ పాయింటు కూరలు తెచ్చుకొని తిని, ఉద్యోగాల్లో చేరారు. నేను అమీర్‌పేటను చులకన చేసి మాట్లాడను. మా కళాశాలలు చేయలేని పని అది చేసింది. ఏ పనిముట్టుకు బజారులో గిరాకీ ఉందో పసిగట్టి, ఆ పనిముట్టును తక్కువ ఖర్చుతో, తక్కువ కాలంలో చేతికి అందించింది. గిరాకీ పోయిన రోజున ఆ బోర్డు దించి మరో బోర్డు పెట్టింది. అలా మార్చగలగడమే దాని బలం.

విశ్వవిద్యాలయం అలా మార్చగలదా? సిలబస్ మారాలంటే పాఠ్యప్రణాళికా సంఘం కూర్చోవాలి, అకడమిక్ కౌన్సిల్ ఆమోదించాలి, పుస్తకాలు రావాలి, చెప్పేవాళ్లు ముందు తాము నేర్చుకోవాలి. ఇదంతా అయ్యేసరికి రెండేళ్లు. ఆ సిలబస్‌లో చేరిన పిల్లవాడు బయటికి వచ్చేసరికి మరో నాలుగేళ్లు. ఆరేళ్ల తరువాత బజారులో ఏ పనిముట్టు ఉంటుందో ఈ సభలో ఎవరైనా చెప్పగలరా? నేను చెప్పలేను. మూడు నెలల్లో అమీర్‌పేట చేసే పనిని నాలుగేళ్లలో, ఆలస్యంగా, అంతకన్నా పాతబడిన సరుకుతో చేయడానికి మనకు విశ్వవిద్యాలయం ఎందుకు? మూడు నెలల్లో రానిది, ఏ బోర్డు కిందా దొరకనిది ఏదో ఉంది. దాని కోసమే ఆ నాలుగేళ్లు.

కంపెనీల సంగతి కూడా ఒక్క నిమిషం చూద్దాం. సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఏళ్ల తరబడి మన కళాశాలలకు వచ్చి సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్, ఏ బ్రాంచి వాళ్లనైనా తీసుకున్నాయి. తీసుకొని ఏం చేశాయి? తమ ఖర్చుతో నెలల తరబడి శిక్షణ ఇచ్చుకున్నాయి. ఇన్ఫోసిస్ అందుకోసమే మైసూరులో పెద్ద ప్రాంగణం కట్టుకుంది. అంటే ఆ కంపెనీలు మన పిల్లల్లో వెతికినది ఒక ఫలానా పనిముట్టు తెలియడాన్ని కాదు, కొత్తదాన్ని పట్టుకోగల బుర్రను. పనిముట్టు తామే నేర్పుకున్నాయి. ఇప్పుడు అదే పరిశ్రమ, "మీ కళాశాలల నుంచి వచ్చేవాళ్లు మొదటి రోజు నుంచే పనికి రావాలి" అంటున్నది. ఈ మాటలోని అర్థం మనం జాగ్రత్తగా గమనించాలి. శిక్షణ ఖర్చు నిన్నటి దాకా ఎవరిది? కంపెనీది. రేపటి నుంచి ఎవరిది? విద్యార్థిది, వాడి తల్లిదండ్రులది, ఫీజు రీయింబర్స్‌మెంట్ కట్టే ప్రభుత్వానిది. ఉమ్మడి రాష్ట్రంలో ఆ పథకం వచ్చాక ఇంజినీరింగ్ కళాశాలలు 700 దాటాయి. పేదింటి పిల్లలు ఇంజినీరింగ్ గడప తొక్కారు. అది గొప్ప విషయం, నేను అభ్యంతరం చెప్పను. కానీ ప్రజల సొమ్ముతో కట్టిన ఆ ఫీజు ఒక కంపెనీ తన లాభం కోసం ఇచ్చుకోవలసిన శిక్షణకు ఖర్చు కావడం న్యాయమేనా? నాకు న్యాయంగా కనిపించదు.

ఇంజినీరింగ్ సీట్ల కౌన్సెలింగ్‌లో చూడండి, కంప్యూటర్ సైన్స్, దాని పక్కన ఒక బ్రాకెట్, ఆ బ్రాకెట్‌లో డేటా సైన్స్, మరొక దానిలో కృత్రిమ మేధ. సివిల్, మెకానికల్ సీట్లు తగ్గించి అవి పెంచుకున్న కళాశాలలు ఎన్నో. ఆ బ్రాకెట్‌లోని డేటా సైన్స్‌కు పునాది వేసిన వారిలో మన తెలుగువాడు ఒకరున్నారు, సి.ఆర్. రావు గారు. ఆయన వాల్తేరులో చదివినది శుద్ధ గణితం. ఆ గణితంతో కలకత్తా వెళ్లి, అక్కడ సంఖ్యాకశాస్త్రం నేర్చుకొని, 1945లో, ఇరవై అయిదేళ్ల వయసులో రాసిన ఒక్క పత్రంలోని ఫలితాలు ఈ రోజుకూ ఆ శాస్త్రం చదివే ప్రతి విద్యార్థీ నేర్చుకోవలసిందే. ఆయన గణితం చదివే రోజుల్లో, "ఇది చదివితే ఏ నౌకరి వస్తది" అని అడిగితే "డేటా సైన్స్" అని చెప్పగలిగిన వాళ్లు ఉన్నారా? ఆ పేరే లేదు.

అందరూ సి.ఆర్. రావులు అవుతారా అని మీరు అడగవచ్చు. కారు. అందుకే నేను మహానుభావుల గురించి ఇంతటితో ఆపి, మన జిల్లాలో నా దగ్గర చదువుకున్న ఒక మామూలు విద్యార్థి గురించి చెబుతాను. పేరు చెప్పను, అతనికి ఇష్టం ఉండదు.

అతను బి.ఎస్సీ. గణితం, భౌతికం, రసాయనం చదివాడు. 2000లో ఊళ్లో అందరూ వెళుతున్నారని అమీర్‌పేట వెళ్లి మెయిన్‌ఫ్రేమ్ కోర్సు చేశాడు. అతను కోర్సు ముగించే నాటికి అమెరికాలో కంపెనీలు కుదేలయ్యాయి, ఇక్కడ నియామకాలు ఆగిపోయాయి. అప్పు మిగిలింది. ఊరికి తిరిగి వచ్చి, కొన్నాళ్లు బళ్లో పాఠాలు చెప్పి, చివరికి తాగునీటిని పరీక్షించే ఒక ప్రయోగశాలలో చిన్న ఉద్యోగంలో చేరాడు. మన జిల్లాలో నీటి పరీక్ష అంటే ఏమిటో ఇక్కడ నేను వివరించనక్కరలేదు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు నుంచి వచ్చినవాళ్లు ఈ సభలో ఉన్నారు. నీళ్లలోని ఫ్లోరైడు పళ్లను, ఎముకలను ఏం చేస్తుందో మీ ఇళ్లలోనే చూశారు.

లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఒక ఊరి నుంచి వచ్చిన నమూనాకు యంత్రం 1.4 చూపించింది. పక్కనున్న ఉద్యోగి "హద్దు లోపలే ఉంది, రాసెయ్" అన్నాడట. మా విద్యార్థి రాయలేదు. ఎందుకు? డిగ్రీ మొదటి సంవత్సరంలో స్క్రూగేజితో తీగ మందం కొలిచేటప్పుడు, ఒక్క రీడింగు రాసుకొస్తే నేను రికార్డు మీద సంతకం పెట్టేవాణ్ణి కాదు. పరికరానికి కనీసపు కొలత ఎంత, దోషం ఎంత, అయిదు సార్లు కొలిస్తే అయిదూ ఒకేలా వచ్చాయా, ఇవన్నీ అడిగేవాణ్ణి. పిల్లలు విసుక్కునేవారు. అతనికి అది గుర్తుంది. 1.4 అని యంత్రం చూపిస్తే, ఆ యంత్రం దోషం 0.2 ఉంటే, అసలు విలువ 1.6 కూడా కావచ్చు కదా! అప్పుడు ఆ నీళ్లు మంచివా, చెడ్డవా? యంత్రం చెప్పదు. మనిషి ఆలోచించాలి.

అతను అక్కడితో ఆగలేదు. ఆ నీరు పటిక, సున్నం కలిపి శుద్ధి చేసినది. ఆ పద్ధతికి ప్రపంచమంతటా మన ఊరి పేరే ఉంది, నల్లగొండ పద్ధతి. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు 1970లలో రూపొందించారు. పటికలో అల్యూమినియం ఉంటుంది. శుద్ధి సరిగ్గా జరగకపోతే అది కొంత నీటిలో మిగిలిపోయి, ఫ్లోరైడును పట్టి ఉంచుతుంది. అప్పుడు రంగు తేడాను బట్టి కొలిచే పరీక్షలో ఫ్లోరైడు ఉన్నదానికన్నా తక్కువ కనిపిస్తుంది. డిగ్రీ రసాయనశాస్త్రంలో ఇలా లోహం పట్టి ఉంచే సంక్లిష్ట అయానుల సంగతి ఒక పేజీలో ఉంటుంది, పరీక్షలో ఎప్పుడో గాని రాదు. ఆ పేజీ అతనికి ఆ రోజు పనికొచ్చింది. నమూనాను మరో పద్ధతిలో మళ్లీ పరీక్షించారు. హద్దు దాటింది. ఆ ఊరికి నీళ్లు వేరే చోటి నుంచి పంపించారు.

ఇప్పుడు చెప్పండి. అతను చేసిన ఆ పని ఉద్యోగ శిక్షణ వల్ల వచ్చిందా, సాధారణ జ్ఞానం వల్ల వచ్చిందా? ఆ యంత్రం నడపడం అతనికి వారం రోజుల్లో నేర్పారు. ఆ వారం శిక్షణ అతనికి, పక్కనున్న ఉద్యోగికి సమానమే. యంత్రం చూపిన అంకెను నమ్మాలా వద్దా అని అడిగే అలవాటు ఆ వారంలో రాదు. దానికి మూడేళ్లు పట్టింది. మా ప్రయోగశాలలో తిట్లు తింటూ, రీడింగులు మళ్లీ మళ్లీ తీస్తూ గడిపిన మూడేళ్లు.

ఇక్కడ నా తోటి అధ్యాపకులతో ఒక మాట చెప్పాలి, కొంచెం కఠినంగా ఉంటుంది, మన్నించండి. సాధారణ విద్య కావాలని మనం వాదిస్తాం గాని, మనం చెబుతున్నది నిజంగా ఆ విద్యేనా? పర్యావరణ విద్య డిగ్రీలో తప్పనిసరి పేపరు. దానిలో ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడు వల్ల వచ్చే జబ్బు, అన్న ప్రశ్న ఉంది. మన పిల్లలు గైడులో నుంచి అయిదు పాయింట్లు బట్టీ పట్టి రాస్తారు, మనం మార్కులు వేస్తాం. తన ఊరి బోరు నీళ్లు ఒక సీసాలో తెచ్చి పరీక్షించిన విద్యార్థి ఎంతమంది ఉన్నారు? ఇంటర్‌లో మార్కులు ఎక్కువ వస్తాయని తెలుగు వదిలి సంస్కృతం తీసుకొని, ఆ సంస్కృతమూ రాక, ఇటు తెలుగులో ఒక పేజీ తప్పుల్లేకుండా రాయలేక వస్తున్న పిల్లలను చూస్తున్నాం. ఇలాంటి బట్టీ చదువు ఉద్యోగానికీ పనికిరాదు, జ్ఞానానికీ పనికిరాదు. పరిశ్రమ వాళ్లు "మీ పట్టాలకు విలువ లేదు" అన్నప్పుడు మనకు కోపం వస్తుంది. కానీ వాళ్లకు ఆ మాట అనే అవకాశం ఇచ్చింది మనమే. ప్రయోగశాలకు తాళం వేసి, రికార్డులు ఒకరిని చూసి ఒకరు రాసుకోనిచ్చి, మనం సాధారణ విద్యను కాపాడుతున్నామని చెప్పుకోకూడదు.

కొన్ని చదువులు ఈ తగాదాను ఎప్పుడో పరిష్కరించుకున్నాయి. ఎం.బి.బి.ఎస్. చూడండి. నాలుగున్నరేళ్ల చదువు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. మొదట శరీర నిర్మాణం, శరీర ధర్మం, జీవరసాయనం. "సూది వేయడానికి జీవరసాయనం ఎందుకు?" అని ఎవరూ అడగరు, ఎందుకంటే ఆ సూది తమకే పడుతుందని తెలుసు. వ్యవసాయ విద్య కూడా అంతే. బి.ఎస్సీ. వ్యవసాయం చదివేవాళ్లు జన్యుశాస్త్రం, నేల శాస్త్రం చదివి, చివరి సంవత్సరంలో పల్లెకు వెళ్లి రైతుల మధ్య ఉండి పని నేర్చుకుంటారు. మీరందరూ ఇళ్లలో తినే సాంబ మసూరి, అదే మన రైతులు బి.పి.టి. అనే 5204, బాపట్ల వ్యవసాయ కళాశాల నుంచి 1986లో వచ్చింది. తరువాత దానికి ఎండాకు తెగులు పట్టుకుంది. హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం (సి.సి.ఎం.బి.) శాస్త్రవేత్తలు, వరి పరిశోధన సంస్థ వాళ్లు కలిసి ఆ తెగులును తట్టుకునే జన్యువులను దానిలోకి తెచ్చి, 2008లో మెరుగైన సాంబ మసూరిని విడుదల చేశారు. ఒకరు అణుజీవశాస్త్రం చదివినవాళ్లు, ఒకరు పొలంలో దిగి పని చేసినవాళ్లు. రెండింట్లో ఏది లేకపోయినా ఆ గింజ రాదు.

అయినా ఒక ప్రశ్న మిగిలే ఉంది, అది ఆ తల్లి ప్రశ్నే. జ్ఞానం పదేళ్లకు ఫలిస్తుంది సరే, వచ్చే జూన్‌లో అప్పు వాయిదా ఎవరు కడతారు? కుటుంబంలో మొట్టమొదట డిగ్రీ చదివే అమ్మాయికి, "నీ బుద్ధి వికసించింది, వెళ్లు" అని చెప్పి గేటు దగ్గర వదిలేసే విశ్వవిద్యాలయం ఆమెకు అన్యాయం చేస్తున్నట్టే. మొదటి జీతం దాకా వంతెన వేయడం విశ్వవిద్యాలయం బాధ్యత, దీనిలో నాకు రెండో మాట లేదు. కానీ వంతెన నది అంత పొడవు ఉంటే చాలు, ఊరంతా వంతెనే కట్టనక్కరలేదు. చివరి ఆరు నెలలు పనికి కేటాయించండి. వేసవి సెలవుల్లో చిన్న కోర్సులు కళాశాలలోనే, హైదరాబాద్ హాస్టల్ ఖర్చు లేకుండా పెట్టండి. మన దేశంలో 1961 నుంచి అప్రెంటిస్‌ల చట్టం ఉంది. 1973 సవరణతో ఇంజినీరింగ్ పట్టభద్రులకు, 2014 సవరణతో మిగతా పట్టభద్రులకూ అది వర్తించింది. స్టైపెండు తీసుకుంటూ ఏడాది పని నేర్చుకునే వీలుంది. మా కళాశాలలో చివరి సంవత్సరం పిల్లలకు ఈ సంగతి చెప్పే ఏర్పాటు ఏళ్ల తరబడి లేదు. మన రాష్ట్రంలో 2024లో నైపుణ్యాల కోసమే ఒక విశ్వవిద్యాలయం పెట్టారు. మంచిదే, నైపుణ్య శిక్షణకు అది ఉండనివ్వండి, బాగా నడవనివ్వండి. దాన్ని చూపించి మిగతా విశ్వవిద్యాలయాలన్నింటినీ దాని నకళ్లుగా మార్చవద్దని మాత్రమే నా విన్నపం.

ఇంజినీరింగ్ చదువులో మిగిలిన కొద్దిపాటి చోటు గురించి కూడా చెప్పాలి. అఖిల భారత సాంకేతిక విద్యా మండలి 2018లో ఇచ్చిన నమూనా ప్రణాళికలో మొత్తం 160 క్రెడిట్లు. అందులో మానవీయ, సామాజిక శాస్త్రాలకు, మేనేజ్‌మెంటుకు కలిపి 12. ఆ పన్నెండింటిని కూడా ఇంటర్వ్యూలో ఎలా కూర్చోవాలి, ఎలా నవ్వాలి అన్న పాఠాలతో నింపేస్తే, డ్యామ్ కట్టే పిల్లవాడికి ముంపు గ్రామం అంటే ఏమిటో ఎవరు చెబుతారు? నాగార్జునసాగర్ మన జిల్లాలోనే ఉంది. కృష్ణ మన పక్కనే పారుతుండగా మన పల్లెలు ఎన్ని దశాబ్దాలు ఫ్లోరైడు నీళ్లు తాగాయో, ఎందుకు తాగాయో, ఆ పన్నెండు క్రెడిట్లలో ఒక పాఠం ఉండకూడదా?

చివరగా, మూడో వరుసలోని అమ్మా, మీకు నేను బాకీ ఉన్న జవాబు. మీ బాబు ఏ గ్రూపు తీసుకున్నా, చేర్చడానికి వెళ్లినప్పుడు ఆ కళాశాల వాళ్లను, "మీ దగ్గర చదివితే ఏ నౌకరి వస్తది" అని తప్పకుండా అడగండి. వాళ్లు గోడ మీది ఫొటోలు చూపిస్తారు, చూడండి. చూశాక, ప్రయోగశాల తలుపు తీయించండి. పరికరాల మీద దుమ్ము ఉందో లేదో మీరే చేత్తో తుడిచి చూడండి. ఆ సబ్జెక్టు చెప్పే సారు ఎవరో పిలిపించి, పిల్లలు రాసిన రికార్డు ఒకటి తెప్పించి, అందులో ఎర్ర సిరాతో దిద్దిన గుర్తులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. మీకు చదువు రాదని అన్నారు ఇందాక. దుమ్మును, ఎర్ర సిరాను గుర్తుపట్టడానికి చదువు అక్కరలేదమ్మా. వచ్చే నెల మూడో ఆదివారం మేం కొందరు విశ్రాంత అధ్యాపకులం ఇదే హాలులో నీటి పరీక్ష సామగ్రి పెట్టుకొని కూర్చుంటాం. మీ బాబును మీ ఊరి బోరు నీళ్లు ఒక లీటరు సీసాలో, గాజుది వద్దు, శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో పట్టుకొని రమ్మనండి. రీడింగు అతనితోనే తీయిస్తాం, అయిదు సార్లు.